గోదావరి ఇచ్చిన గడువు

గోదావరిలో పని చెయ్యాలంటే ఏడాదికి ఆరేడు నెలలే. ఎర్రనీరు దిగడం మొదలైందంటే మళ్లీ కార్తీకం వచ్చి నీరు తేటపడేదాకా ఏట్లో ఎవరూ రాయి పెట్టలేరు. పెట్టినా నిలవదు. ధవళేశ్వరం ఆనకట్ట కథ ఎక్కడ చదివినా నా కళ్లకు ముందు కనబడేది ఆ గడువే. 1847లో మొదలుపెట్టి 1852 మార్చి 31కి ముగించిన పని అది. క్యాలెండరు చూస్తే అయిదేళ్లు. ఏరు పని చెయ్యనిచ్చిన రోజులే ఏరి లెక్కకడితే అందులో సగానికి కాస్త అటూ ఇటూ.

నేను లాకు లస్కరు కూతుర్ని. మధ్య డెల్టాలో కాలువ లాకుల పక్కన సర్కారువారిచ్చిన పెంకుటింట్లో పెరిగాను. తర్వాత సాంఘిక శాస్త్రం పంతులమ్మనై కోనసీమ బళ్లలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కాటన్ దొర గురించి పుస్తకంలో ఉన్న నాలుగు ముక్కలు పిల్లలకు చెబుతుంటే, అసలు సంగతి చెప్పకుండా వదిలేస్తున్నానని అనిపించేది. ఆనకట్ట కట్టినాయన పేరు అందరికీ వచ్చు. కట్టినదాన్ని ఏ వేళల్లో ఎవరు కనిపెట్టుకుని ఉన్నారో ఎవరూ అడగరు. మాది మేలు మరవని సీమ అని గోదావరివాళ్లకు పేరు. నాకూ ఆ పేరంటే గర్వమే. అయితే ఆ మేలు తలుచుకోవడం ఈమధ్య విగ్రహాల దగ్గర మొదలై విగ్రహాల దగ్గరే అయిపోతోంది. ఇదివరకు అలా ఉండేది కాదు.

ఆనకట్టకు ముందు ఈ నేల ఎలా ఉండేదో మా తరానికి నమ్మబుద్ధి కాదు. 1832–33లో నందన కరువు వచ్చింది. డొక్కల కరువని జనం పిలుచుకున్నది దాన్నే. గుంటూరు సీమలో మనుషులు లక్షల్లో పోయారు. అప్పుడక్కడ ఉద్యోగం చేస్తున్న సి.పి. బ్రౌన్ ఆ చావులు కళ్లారా చూశాడు. గోదావరి ఒడ్డునా గతి అంతే. కరువు తెరిపినిచ్చేసరికి 1839లో కోరంగి మీద ఉప్పెన పడింది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7,38,308. 1841లో 5,61,041. హెమింగ్వే 1907లో అచ్చు వేయించిన గోదావరి జిల్లా గెజిటీరులోని అంకెలివి. పిల్లలతో నల్లబల్ల మీద తీసివేత చేయించేదాన్ని. 1,77,267 వచ్చేది. ఇరవై ఏళ్లలో అంతమంది తగ్గిపోయారు. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లు విడిచి పొట్ట చేతపట్టుకుని పోయారు. పక్కనే గోదావరి. వానాకాలమంతా ఒడ్డులొరుసుకుని పారి సముద్రంలో కలిసిపోయేది. పైరు ఎండే వేళకు నీళ్లు ఏటి అడుగున, పొలాలు ఎత్తున.

దీనికి విరుగుడు తెలియక కాదు. మైఖేల్ టాపింగ్ అనే సర్వేయరు 1790లలోనే కృష్ణా గోదావరుల నీటిని పొలాలకు మళ్లించే ఆలోచనతో ఈ నేల కొలిచాడు. 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. ఆయన లెక్కలు కాగితాల్లో ఉండిపోయాయి. అర్ధ శతాబ్దం ఊరికే పోయింది. నందన కరువుకు ముందే ఆ పని జరిగి ఉంటే ఎంతమంది బతికేవారో అన్న ఆలోచన వస్తే నాకు ఇప్పటికీ మనసు కుదుటపడదు.

జిల్లా ఎందుకిలా చితికిపోయిందో చూసి రమ్మని కుంఫిణీవారు 1843–44లో హెన్రీ మాంట్‌గోమరీని పంపారు. నీటిపని తెలిసిన ఇంజనీరుతో ఏరు చూపించండని ఆయన సలహా. అలా వచ్చినవాడు ఆర్థర్ కాటన్. 1803 మే 15న పుట్టి, పద్దెనిమిదేళ్లకు మద్రాసులో ఓడ దిగినవాడు. అంతకుముందే కావేరి పాయ కొళ్లడం మీద ఆనకట్టలు కట్టి తంజావూరు సీమను నిలబెట్టినవాడు. 1844లో ఒకటి, మరుసటేడు ఇంకొకటి నివేదికలు రాశాడు. 1846 డిసెంబరు 23న అనుమతి దొరికింది. నందన కరువు మొదలైన నాటినుంచి లెక్కేస్తే పద్నాలుగేళ్లు.

అనుమతి వచ్చిన వేళ చూడండి: డిసెంబరు చివర. ఏరు తగ్గి ఉంది, గడువు అప్పటికే నడుస్తోంది. కాటన్ ఆ ఏడు పోనిచ్చి పైయేడు చూద్దామనుకోలేదు. 1847 ఎండాకాలానికి ధవళేశ్వరం కొండ మీద రాయి పగులుతోంది. ఆ చోటు ఎంచుకోవడంలోనే సగం తెలివి ఉంది. అక్కడ ఏరు నాలుగు పాయలుగా చీలి మధ్యలో లంకలు లేచాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని ముక్కముక్కగా కట్టుకోవచ్చు. నాలుగూ కలిపి దాదాపు 12 వేల అడుగులు, ఎత్తు 12 అడుగులు. రాయి పక్క కొండలోనే ఉంది. కొండ నుంచి ఒడ్డుకు పట్టాలు వేసి బండ్ల మీద దించారు. మన దేశంలో ప్రయాణికుల రైలు కూయడానికి ముందే ధవళేశ్వరంలో పట్టాల మీద రాయి నడిచింది. పనివాళ్లు పదివేల మంది దాకా.

అడుగున గట్టి నేల తగిలే ఆశ లేదు. ఎంత తవ్వినా ఇసుకే. ఇసుకలో బావులు దించి, వాటి మీద గోడ లేపి, వెనకాల ఏటివాలుకు రాళ్లు దొర్లించి కుప్పపోశారు. ఇసుక మీద కట్టడం నిలుస్తుందని కాటన్‌కు ఎక్కడ తెలిసిందంటే, కావేరి మీద కల్లణై దగ్గర. చోళుల కాలం నుంచి ఉన్న ఆ కట్టను చూసే, లోతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలపాలో నేర్చుకున్నామని ఆయనే రాశాడు. దాన్ని కట్టిన పనివాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. అయినా వాళ్లు తనకు గురువులని ఒప్పుకున్నాడు. ఆ మాటతో పాటు ఇంకో మాటా రాశాడు. పాతకాలంవాళ్లు కట్టిపెట్టిన చెరువుల్నీ కాలువల్నీ కనీసం మరమ్మతు చేసుకుని నిలుపుకోలేరు ఈ దొరలు, యుద్ధం చెయ్యడం తప్ప వీళ్లకేమీ రాదని దేశంలో జనం తమను చులకనగా చూస్తున్నారని. పాలించే జాతిలో పుట్టి ఆ నింద నిజమేనని చెప్పడానికి గుండె ఉండాలి. ఎవరో కట్టిచ్చినదాన్ని ఏ ఏటికాయేడు బాగుచేసుకోని వాళ్లకు కట్టినవాళ్లంటే గౌరవం లేదనే కదా దానర్థం. నా ఈ వ్యాసమంతా కాటన్ రాసిన ఆ మాటకు వివరణ అనుకోండి.

పని మొదలైన రెండో ఏడు, 1848లో, కాటన్ ఆరోగ్యం దెబ్బతింది. సెలవు పెట్టి ఆస్ట్రేలియా వెళ్లాడు. తిరిగొచ్చింది 1850లో. ఆ మధ్యకాలమంతా కెప్టెన్ ఓర్ చేతిమీదుగా పని సాగింది. ఆయనే తర్వాత బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టించాడు. కాటన్ లేని ఆ రెండేళ్లూ వరదలు వచ్చాయి, వచ్చినప్పుడల్లా అరకొర గోడను తోసిపోయాయి, నీరు తగ్గగానే మళ్లీ దిగి కట్టారు. బడిపుస్తకంలో ఈ రెండేళ్లూ ఉండవు. నా మట్టుకు ఆనకట్ట చరిత్రలో ముఖ్యమైనవి ఇవే. పెద్దాయన పక్కన లేకపోయినా పని ఆగలేదు.

ఓర్ ఒక్కడే ఉన్నాడా? వీణెం వీరన్న గారున్నారు. 1794లో మచిలీపట్నంలో పుట్టి, ఇంజనీరింగు శాఖలో చేరి, ధవళేశ్వరంలో కాటన్‌కు కుడిభుజమయ్యారు. కూలీలను కూడగట్టడం, కరువు తిని బక్కచిక్కిన మనుషుల చేత నెలల తరబడి రాయి మోయించడం, వాళ్లు పారిపోకుండా మాట ఇచ్చి నిలబెట్టుకోవడం, ఇదంతా ఆయన నెత్తిన పడింది. తెలుగు రాని దొరల మాటను తెలుగు కూలీల చేత పనిగా మార్చింది ఆయన నోరే. రాయ్ బహదూర్ అన్నారు, ఆనకట్ట దగ్గర ఆయన పేర రాయి వేశారు. 1867లో పోయారు. ఊరూరా కాటన్ గుర్రమెక్కి కనిపిస్తాడు. వీరన్న గారి విగ్రహం ఎక్కడుందో వెతుక్కోవాలి. మా బడిలో వీరన్న పేరు విన్నవాళ్లు చెయ్యెత్తండంటే ఒక్క చెయ్యీ లేచేది కాదు. రాళ్లు మోసిన పదివేల మందికి ఆ మాత్రం రాయి కూడా లేదు.

ఇక మేలు తలుచుకునే ఆచారం సంగతి. ఏ శుభకార్యానికైనా, స్నానానికైనా మనవాళ్లు ముందు సంకల్పం చెప్పుకుంటారు. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం అన్నీ వరసగా చెప్పి, ఏ నదుల నడుమ నిలబడ్డామో చెప్పి, అప్పుడు చేయబోయే పని చెబుతారు. నేనిప్పుడు ఈ వేళలో ఇక్కడున్నాను, ఈ పని చేస్తాను అని ఒప్పుకోవడం అది. గోదావరి రేవుల్లో కొందరు పురోహితులు స్నానం చేయించేటప్పుడు ఆ ఇంగ్లీషు దేశపువాణ్ని భగీరథుడిగా తలుచుకునే శ్లోకం కూడా చదువుతారు. మతం వేరు, దేశం వేరు, పైగా మనల్ని ఏలిన జాతివాడు. ఆయన్ని గోదావరీ స్నాన పుణ్యంలో భాగస్తుణ్ని చేశారు. పూజగదిలో దేవుళ్ల పక్కన కాటన్ పటం పెట్టుకున్న ఇళ్లు నేనెరుగుదును. ఇది ఎవరో ఆజ్ఞ వేస్తే పుట్టింది కాదు. తిండి గింజ తిన్న జనం తమంత తాము పెట్టుకున్న మర్యాద.

అయితే ఈ మర్యాదకు పంటకాలువ గట్టు మీద ఇంకో రూపం ఉంది. అది నేను మా ఇంట్లో చూశాను.

కాలువకు తన సంవత్సరం తనకుంది. జూన్‌లో నీళ్లు వదులుతారు. సార్వా నాట్లు, తర్వాత దాళ్వా. దాళ్వా కోతలకొచ్చాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. కట్టేసిన రోజు నుంచి మళ్లీ నీళ్లొదిలే రోజు దాకా ఉన్న ఆ నెలన్నర రెండు నెలలే మరమ్మతులకు గడువు. పూడిక తియ్యాలి, గుర్రపుడెక్క లాగి గట్టున పడెయ్యాలి, తూములకు సున్నం గచ్చు పెట్టాలి, లాకు తలుపుల చెక్క పుచ్చితే మార్చాలి, షట్టర్లు దించి తుప్పు గీకి రంగెయ్యాలి. కాటన్‌కు గోదావరి ఇచ్చిన గడువులాంటిదే ఇదీ. దాటిపోతే ఏడాది ఆగాలి.

మా నాన్న ఆ రెండు నెలలూ ఇంట్లో ఉండేవాడు కాదు. తెల్లవారుజామున చద్దన్నం తిని కాలువలోకి దిగేవాడు. నీళ్లున్నప్పుడు కనపడని కాలువ అడుగు, నెర్రెలిచ్చిన బురద, ఇరుక్కుపోయిన పడవ మేకులు, పగిలిన కుండ పెంకులు అన్నీ బయటపడేవి. మేం పిల్లలం ఇంగువ డబ్బాల్లో నత్తగుల్లలు ఏరుకునేవాళ్లం. నాన్న షట్టరు మర పక్కన మోకాళ్ల మీద కూచుని, పాత గ్రీజు చెక్కపుల్లతో మరచుట్టు మరచుట్టూ గీకి తీసి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అప్పుడు కొత్త గ్రీజు వేలితో అద్దేవాడు. పైన పూసేస్తే చాలదా అని అడిగాను. పాతదాంట్లో ఇసుకుంటుంది తల్లీ, అది మరను నమిలేస్తుంది, వరదొచ్చిన రాత్రి తిరగదు అన్నాడు. ఎవరూ చూడని పని. ఆగస్టులో రాబోయే ఒక రాత్రి కోసం మే నెల ఎండలో చేసే పని.

నీళ్లొదిలాక ఇంకో తీరు. గేజి పలక మీద నీటిమట్టం ఎంతుందో పూటపూటకీ చూసి రిజిస్టరులో రాయాలి. నాన్న మూడో తరగతి చదువు. అంకెలు మాత్రం ముత్యాల్లా రాసేవాడు. రాత్రి హరికేన్ లాంతరు పట్టుకుని మెట్లు దిగి, పలక దగ్గర వంగి చూసి, పైకొచ్చి టైము వేసి అంకె వేసేవాడు. నిద్రపోయి తెల్లారాక ఒక అంకె వేసేస్తే అడిగేవాళ్లు లేరు. నాన్న అలా చెయ్యలేదు. ఆ రిజిస్టర్లే మా ఇంటి పంచాంగాలని ఇప్పుడనిపిస్తుంది.

దాళ్వాకు నీరు తక్కువైన ఏళ్లలో వంతులు పెట్టేవారు. ఈ పంటకాలువకు ఇన్ని రోజులు, ఆ బోదెకు ఇన్ని గంటలు అని. వంతు నీళ్ల కోసం రైతులు రాత్రంతా గట్టు మీదే పడుకునేవారు. ఒకసారి ఊళ్లో మోతుబరి ఒకాయన రెండో ఝాము దాటాక వచ్చి నాన్నను లేపాడు.

"ఒక్క గంట ఎక్కువ ఉంచవయ్యా. చేలో సగమే తడిసింది."

"మీ వంతు నాలుగింటితో అయిపోద్దండి. అటు తర్వాత శివారోళ్లదండి."

"శివారోళ్లు నిద్రోతున్నారు. ఎవడు చూడొచ్చాడు?"

"ఆళ్లు నా మీద నమ్మకంతో నిద్రోతున్నారండి."

నాలుగింటికి షట్టరు దించాడు. మోతుబరి కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆ పంట కోసి కళ్లం చేసినప్పుడు శివారు రైతులు కుంచాలతో ధాన్యం తెచ్చి మా అరుగు మీద పోశారు. నాన్నకు జీతం ఉంది, అది హక్కుగా రావలసింది కాదు, ఎవరూ అడిగిందీ కాదు. పాలేర్లకూ చాకలికీ మంగలికీ కళ్లంలో మేర ఇచ్చినట్టు లస్కరుకూ తీసిపెట్టారు. ఆ ధాన్యం దంచిన బియ్యంతో అమ్మ పరమాన్నం వండి ముందు లాకు తలుపుల దగ్గర ఒక ఆకులో పెట్టింది. కాటన్‌ను తలుచుకుందో గోదారమ్మను తలుచుకుందో నేనడగలేదు. కొన్నాళ్లకు మోతుబరి ఇంటినుంచి కూడా బస్తా వచ్చింది.

ఈ కాలువలే ఒకప్పుడు మన రోడ్లు కూడా. కాకినాడ నుంచి రాజమండ్రికి, అటు ఏలూరు మీదుగా బెజవాడకు, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పడవలు నడిచాయి. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు. లారీలొచ్చాక ఆ వైభవం పోయింది. నా చిన్నతనంలో కొబ్బరికాయల పడవలు, ఇటుకల పడవలు మిగిలాయి. లాకులోకి పడవ రాగానే వెనక తలుపు మూసి, నీరు సమమయ్యేదాకా ఆగి, ముందు తలుపు తెరవాలి. సరంగు ఎంత తొందరపెట్టినా నీరు తన వేళకే సమమవుతుంది. పడవవాళ్లు ఆ కాసేపట్లో అన్నం మూటలు విప్పుకునేవారు.

1986 ఆగస్టు వరద గురించి చెప్పకుండా ఉండలేను. అప్పటికి పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్ల బ్యారేజీ వచ్చి నాలుగేళ్లు. దానికీ కాటన్ పేరే పెట్టారు. ధవళేశ్వరం గేజి 11.75 అడుగులు చూపితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలూ మా వైపు పిల్లలకు ఎక్కాలకంటే ముందొస్తాయి. ఆ ఆగస్టు 16న మూడో హెచ్చరికను ఎక్కడో కింద వదిలేసి ఏరు పైకెక్కింది. బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి, ఏటిగట్లు తెగాయి. నాన్న రిటైరు కావడానికి దగ్గరపడిన రోజులు. గట్టు కాపలాకు వెళ్లినవాడు రెండు రాత్రులు ఇంటికి రాలేదు.

ఆ రాత్రుల్లో ఆయన చేసిన పని ఏమిటో తర్వాత అడిగి తెలుసుకున్నాను. గట్టు వెలుపలి వాలున, పొలాల వైపు, టార్చిలైటు వేసుకుని వంగి నడవడం. ఎలుక బొరియలోంచో చెట్టు వేళ్ల సందులోంచో ఊట వస్తుంటే దోసిట్లో పట్టి చూడటం. ఊట తేటగా ఉంటే గట్టు తట్టుకుంటోందని అర్థం, ఊరికే గుర్తు పెట్టుకుని ముందుకు పోవచ్చు. బురదగా వస్తుంటే లోపల మట్టి కరిగిపోతోందన్నమాట. అప్పుడు కేకేసి ఇసుక బస్తాలు తెప్పించి చుట్టూ పేర్చాలి. దోసిట్లో నీరు తేటదా బురదదా చూడ్డానికి పట్టే ఆ క్షణం మీద ఊళ్లు ఆధారపడి ఉన్నాయి. నాన్న కాపలా ఉన్న గట్టు తెగలేదు. ఆయన తెగకుండా ఆపాడని నేననను. అదృష్టం కలిసొచ్చింది, ఊరివాళ్లు బస్తాలు మోశారు. ఆయన మాత్రం ఆ వేళకు అక్కడున్నాడు.

కాటన్ మన దేశం విడిచి వెళ్లాక ఏం చేశాడో చాలామందికి తెలియదు. 1860లో ఉద్యోగం విరమించాడు, మరుసటేడు సర్ బిరుదు వచ్చింది. హిందూదేశానికి రైళ్లకంటే ముందు నీళ్లు కావాలని ముసలితనంలోనూ వాదించి వాదించి సీమలో పెద్దల కంటికి నలుసయ్యాడు. 1878లో పార్లమెంటు కమిటీ ఆయన్ని కూచోబెట్టి నిలదీసింది. డెబ్బై అయిదేళ్లవాడు. అంతకు రెండేళ్ల ముందే అరబ్బీ నేర్చుకునేవారి కోసం చిన్న వాచకం ఒకటి రాసి అచ్చు వేయించాడు. చివరి ఏళ్లలో డార్కింగ్ ఊళ్లో తన తోటలోనే నేల లోతుగా తవ్వి గోధుమ వేసి, గింజ ఎంత పెరుగుతుందో చూస్తూ కూచున్నాడట. కూతురు లేడీ హోప్ 1900లో రాసిన జీవిత చరిత్రలో ఇవన్నీ ఉన్నాయి. 1899 జులై 24న, తొంభై ఆరేళ్ల వయసులో పోయాడు. విగ్రహంలోని గుర్రపు దొరకంటే తోటలో గోధుమ కంకి కొలుచుకునే ఈ ముసలాయనంటేనే నాకు ఇష్టం.

కోనసీమ తనకు మేలు చేసినవాళ్లను గుర్తుపెట్టుకున్న తీరులో నాకు బాగా నచ్చింది గన్నవరం అక్విడెక్టు. కాటన్ కింద పనిచేసిన హేగ్ అనే కుర్ర ఇంజనీరు 1850లలో ఏటిపాయ మీదుగా కాలువను దాటించడానికి పాత అక్విడెక్టు కట్టాడు. నలభై అడుగుల వెడల్పు కమానులు, ఒకదాని పక్కన ఒకటి. కింద వైనతేయ, పైన పంటకాలువ. అది వయసుమీరాక పక్కనే కొత్తది కట్టి, దానికి ఇంజనీరు పేరో మంత్రి పేరో కాకుండా డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కాపురానికొచ్చి, ఏ వేళ ఎవరొచ్చినా వండి వడ్డించి, 1909లో పోయిన ఇల్లాలు. అర్ధరాత్రి వరదలో చిక్కుకున్నవాళ్లు ఆకలని కేకేస్తే పడవ కట్టించుకుని అన్నం తీసుకెళ్లిందని చెప్పుకుంటారు. ఆవిడ వండిన అన్నానికి గింజ ఎక్కడిది? ఆ కాలువ కింద పండిందే. ఆనకట్ట వచ్చిన తర్వాత పెరిగిన తరం ఆవిడది. తనకందిన నీళ్లను ఆవిడ అన్నం చేసి పంచింది. ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే ఉంది.

మళ్లీ గడువు దగ్గరికి వస్తాను. కాటన్ పుట్టినరోజు మే 15. ఊరూరా విగ్రహానికి దండలు, ఉపన్యాసాలు, ఫొటోలు. ఆ రోజు పంటకాలువలు కట్టేసి ఉంటాయి. సరిగ్గా మరమ్మతుల గడువు నడిమధ్యలో వస్తుంది ఆయన పుట్టినరోజు. దండ వేసి వెనక్కి తిరిగితే ఎండిన కాలువ కనబడుతుంది. మా వైపు కొన్నేళ్లుగా ఆ తేదీకి పూడిక పనులు మొదలుకావు. బిల్లులు, టెండర్లు, సంతకాలు. మే చివర్లో యంత్రం వచ్చి రెండు రోజులు గోకుతుంది, నీళ్లొదిలే తేదీ ముంచుకొస్తుంది, గుర్రపుడెక్క కిందే ఉండిపోతుంది. ఆగస్టులో శివారు చేలు మునిగితే మురుగు కదలలేదంటారు. లస్కర్లు రిటైరవుతున్నకొద్దీ ఆ ఖాళీల్లో కొత్తవాళ్లు రావడంలేదు. మా నాన్న చూసిన లాకులకు ఇప్పుడు ఒకే మనిషి, అదీ రోజుకూలీ లెక్కన. మూడు చోట్లకు అతనే. గేజి రిజిస్టరు అడిగితే సెల్‌ఫోన్ చూపించాడు. పాపం, అతన్నేమీ అనలేను. మూడు తూముల మధ్య సైకిలు తొక్కుతూ ఒక మనిషి ఎన్ని రాత్రులు మేలుకుంటాడు?

1997లో నీటి సంఘాల చట్టం వచ్చినప్పుడు, కాలువ మళ్లీ రైతు చేతికొస్తుందని సంబరపడ్డాను. కొన్ని ఊళ్లలో సంఘంవాళ్లు గట్టిగా పనిచేశారు. మా ఊళ్లోనూ ఒక ఎండాకాలం ఇంటికొక మనిషి పలుగూ పారా పట్టుకొచ్చి, పిల్లకాలువ శివారుదాకా తవ్వుకున్నారు. ఆ ఏడు నీళ్లు శివారుకు ముందే చేరాయి.

రిటైరయ్యాక కూడా మా బడి హెడ్‌మాస్టరుగారు మే నెలలో పిలుస్తారు, కాటన్ జయంతికి రెండు మాటలు చెప్పండి మాస్టారమ్మగారూ అని. వెళతాను. సభ ఎండెక్కకముందే పెట్టమంటాను. దండ వేశాక పిల్లల్ని వెంటబెట్టుకుని కాలువలోకి దిగుతాను. ఎండిన అడుగు మీద నిలబడి తూము ఎక్కడ బీటలిచ్చిందో, షట్టరు కింద రబ్బరు ఎక్కడ చినిగిందో వాళ్ల చేతే నోటు పుస్తకంలో రాయిస్తాను. కింద తేదీ, వేళ వేయిస్తాను. ఆ కాగితం సంఘం అధ్యక్షుడికి ఒకటి, ఆఫీసుకు ఒకటి. వీణెం వీరన్న పేరు కూడా ఆ రోజే రాయిస్తున్నాను. మొన్నటేడు ఇచ్చిన జాబితాలో రెండు తూములు బాగయ్యాయి. మిగతావి ఈసారి జాబితాలో మొదటి వరసలో ఉన్నాయి.